పేరు కారానిది, పెత్తనం పులుపుది

సభకు నమస్కారం.

తిండి గురించి మాట్లాడాలని నిర్వాహకులు ఫోను చేసినప్పుడు, చిరుధాన్యాల మహిమ చెప్పమంటారో, ఏ నూనె మంచిదో తేల్చమంటారో అని మొదట కొంచెం జంకాను. "మీకేది ఇష్టమో, ఎలా వండుకుంటారో, ఎలా తింటారో అదే చెప్పండి" అన్నారు. ఆ మాత్రమైతే ఎంతసేపైనా చెప్పగలను కాబట్టి ఒప్పుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను, వంటల పోటీలకు న్యాయనిర్ణేతనూ కాను. తెనాలి దగ్గర పల్లెలో పుట్టి, వరంగల్లు కళాశాలల్లో రసాయనశాస్త్రం చెప్పి ఇక్కడే స్థిరపడినవాణ్ణి. కరీంనగర్ పిల్లను చేసుకున్నవాణ్ణి. నా నాలుక ఎటు మొగ్గుతుందో, ఎందుకు మొగ్గుతుందో మీకు తెలియాలని ఈ మూడు సంగతులూ ముందే చెప్పుకుంటున్నాను.

మన భోజనం గురించి బయటివాళ్ళు అనే మొదటి మాట కారం. బెంగళూరులోనో చెన్నైలోనో ఆంధ్రా భోజనం అని బోర్డు పెట్టిన చోటికి వెళ్ళినవాళ్ళు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి, అదొక ఘనకార్యంగా చెప్పుకుంటారు. ఆ మాట విని మనవాళ్ళు కూడా మీసం మెలేస్తారు. మిరప మన పంట, గుంటూరు యార్డు మన గొప్ప, అందులో నాకు పేచీ లేదు. అయితే మన వంటను నడిపించేది మిరప కాదు, పులుపు. ఇది నా చిరకాలపు నమ్మకం. పరీక్ష చేయాలంటే చాలా సులువు. ఒక రోజు పప్పుచారులో కారం సగానికి తగ్గించి చూడండి, పిల్లలు సంతోషిస్తారు, పెద్దలు పట్టించుకోకుండా తిని లేస్తారు. మర్నాడు కారం మామూలుగా వేసి చింతపండు సగానికి తగ్గించండి. మొదటి ముద్దకే "ఇదేమిటి, చప్పగా ఉంది" అనే మాట వస్తుంది. ఉప్పు సరిగ్గా ఉన్నా చప్పగానే ఉందంటారు. మన నాలుక చప్పదనాన్ని కొలిచేది ఉప్పుతో కాదు, పులుపుతో. మనకు పేరు తెచ్చిన వంటకాలను తలచుకోండి: గోంగూర, ఆవకాయ, పులిహోర, పచ్చిపులుసు, ఉలవచారు, చేపల పులుసు. వీటిలో కారం తగ్గితే ఏదో ఒకలా నెట్టుకొస్తాయి కానీ, పులుపు తీసేస్తే ఒక్కటీ మిగలదు.

చరిత్ర కూడా నా వైపే ఉంది. మిరపకాయ పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. పోర్చుగీసువారి ఓడలెక్కి పదహారో శతాబ్దంలో అది మన పడమటి తీరానికి వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన అతిథులకు ఏ కాలంలో ఏమేమి వడ్డించేవాడో విడివిడిగా చెప్పాడు. చలికాలపు విస్తరిలో వేడి అన్నం, మిరియాల పొడి తగిలించిన కూరలు, ముక్కును జిల్లుమనిపించే ఆవ, ఊరగాయలు, నెయ్యి, పాయసం ఉన్నాయి. ఎండాకాలపు విస్తరిలో చారులు, నీరుమజ్జిగ, పండ్లు, మళ్ళీ ఊరగాయలు ఉన్నాయి. మిరపకాయ మాత్రం ఎక్కడా కనిపించదు. ఘాటు పనంతా మిరియం, ఆవ చేసుకుపోయాయి. తరువాత వచ్చిన మిరప మిరియాన్ని పక్కకు నెట్టి పీట వేసుకుంది కానీ, పులుపు పీటను మాత్రం కదిలించలేకపోయింది. చింత పుట్టిల్లు కూడా ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. అయినా అది ఎప్పుడు వచ్చిందో ఎవరికీ జ్ఞాపకం లేనంత కాలంగా మన ఊళ్ళ బయట నిలబడి, దయ్యాలకూ బాటసారులకూ ఒకే నీడ ఇస్తోంది కాబట్టి దాన్ని పరాయిది అనడానికి నాకు నోరు రాదు.

వృత్తిరీత్యా నాకు ఆమ్లాలతో పరిచయం ఎక్కువ. అందుచేత పులుపు అంటే అంతా ఒకటే అనేవారితో తగాదా పడుతుంటాను. చింతపండు గుజ్జులో 8 నుంచి 18 శాతం దాకా టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, దానికి తోడు మూడో వంతు దాకా చక్కెరలు ఉంటాయి. అందుకే చింతపండు పులుపు ఎంత ఘాటైనా నోటిని కోయదు, వెనుక నుంచి ఒక తీపి దాన్ని పట్టి ఉంచుతుంది. ఎంతసేపు మరిగించినా ఆ ఆమ్లం ఎక్కడికీ పోదు కాబట్టి పులుసుకూ చారుకూ అది తప్ప మరొకటి పనికిరాదు. నిమ్మకాయ సంగతి వేరు. దాని పులుపు సిట్రిక్ ఆమ్లానిదే అయినా, మనకు నచ్చేది ఆ వాసన. ఆ వాసన వేడి తగిలితే ఎగిరిపోయి చేదు మిగులుతుంది. పొయ్యి ఆర్పి, గిన్నె దించి, ఆవిరి కాస్త తగ్గాక నిమ్మరసం పిండాలన్న పెద్దవాళ్ళ కట్టడికి కారణం ఇదే. మా అమ్మకు సిట్రిక్ ఆమ్లం పేరు తెలియదు కానీ, పొయ్యి మీద ఉన్న గిన్నెలో ఎవరైనా నిమ్మకాయ పిండబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. పచ్చిమామిడి పులుపులో కాయ వాసన కలిసి ఉంటుంది, పెరుగు పులుపు మెత్తగా గొంతు దిగుతుంది, గోంగూర పులుపు పళ్ళకు పడుతుంది. ఇవన్నీ తెలిసిన వంటవాడు ఒకదాని బదులు ఇంకొకటి వేయడు.

ఇక నా వంట అలవాటులో మొదటిది ఏమిటంటే, చెట్టు మీద ఇప్పుడు ఏ పులుపు ఉందో చూసి ఆ పూట ఏమి వండాలో నిర్ణయించుకోవడం. ఉగాదికి ముందూ వెనుకా మామిడిపిందె, చింతచిగురు కలిసి వస్తాయి. వేసవి అంతా మామిడికాయదే రాజ్యం. వానలు పడ్డాక వాక్కాయ వస్తుంది. గులాబీ రంగు కాయను రెండుగా కోసి, గింజ తీసి కందిపప్పులో వేస్తే, మామిడికాయ పప్పును నెలరోజులు మరిచిపోవచ్చు. కార్తీకంలో ఉసిరి, సంక్రాంతి ముందు పచ్చి చింతకాయ, శివరాత్రి దాటాక కొత్త చింతపండు. హిందూపురం మార్కెట్టుకు అప్పుడే బస్తాలు దిగుతాయి. కరిపులి రకానికి ఒక ధర, ఫ్లవర్ రకానికి ఒక ధర పలుకుతుంది. నేను ఏడాదికి సరిపడా కొత్త చింతపండు కొని, గింజా ఈనే తీసి, కల్లుప్పు చల్లి జాడీలో కుక్కి పెడతాను. నిలువ ఉన్నకొద్దీ అది నల్లబడుతుంది, చారు రంగు కూడా నల్లబడుతుంది. ఆ నల్లచారు మందుగా మంచిదనేవారు ఉన్నారు కానీ, నాకు మాత్రం కొత్త చింతపండుతో కాచిన ఎర్రటి చారే ఇష్టం.

చింతచిగురు గురించి ఒక మాట ఎక్కువ చెప్పనివ్వండి. పదిహేను ఇరవై రోజులు కూడా నిలవని ఆకు అది. లేత ఎరుపు దాటి పచ్చబడితే ఈనె ముదిరి నోట్లో పీచు తగులుతుంది. బజారులో చిన్న గుట్టలు పోసి అమ్ముతారు, ధర అడిగితే మాంసంతో పోటీ పడుతుంది. చెట్టెక్కి చిటారుకొమ్మల చివర్లు గిల్లుకొచ్చిన చిగురుకు ఆ ధర న్యాయమే అంటాను. దాన్ని కత్తితో తరగకూడదు. పొడిగా ఉండగానే రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నెమ్మదిగా రుద్దితే ఆకు పొడిపొడిగా కిందికి రాలుతుంది, సన్నని ఈనెలు చేతిలో మిగులుతాయి. ఆ ఈనెలు ఊది పారేసి మళ్ళీ రుద్దాలి. ఈ పనిలో ఒక పూట పోతుంది, అరచేతులు సాయంత్రం దాకా పుల్లగా వాసన వేస్తాయి. అలా నలిపిన చిగురును ఉడికిన పప్పులో చివరి అయిదు నిమిషాలు వేస్తే చాలు. ముందే వేస్తే పప్పు ఉడకదు. పులుపు తగిలితే పప్పు గింజలో కణాలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం తొందరగా కరగదు, అందుకే గింజ మెత్తబడదు. కుక్కరులో పప్పూ చింతపండూ మామిడిముక్కలూ ఒకేసారి పడేసి, ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పోలేదని పప్పు అమ్మిన దుకాణదారును తిట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. పాపం, తాండూరు కందిపప్పు మీద కూడా నింద పడుతుంది.

గోంగూర నాకు ఆకుకూరల్లో రాణి అని చెప్పను, ఎందుకంటే ఆ మాట అందరూ అంటారు. నా దృష్టిలో అది ఆకు రూపంలో ఉన్న ఊరగాయ. ఎర్రకాడ గోంగూరకు పులుపు ఎక్కువ, తెల్లకాడ గోంగూరకు తక్కువ. నిలవపచ్చడికి ఎర్రది, పప్పులోకి తెల్లది. కడిగిన ఆకును నీడన బట్ట మీద ఆరబెట్టి, తడి పూర్తిగా పోయాక మూకుట్లో నూనె కాగబెట్టి వేస్తే, మూకుడు నిండిన ఆకు చూస్తుండగానే గుప్పెడుకు దిగిపోతుంది. అప్పుడు జరిగే రంగుమార్పును నేను విద్యార్థులకు పాఠంగా చెప్పేవాణ్ణి. నిగనిగలాడే పచ్చటి ఆకు రెండు నిమిషాల్లో ఖాకీ రంగుకు మారుతుంది. ఆకులోని ఆమ్లం పత్రహరితంలో ఉన్న మెగ్నీషియాన్ని బయటికి తరిమేయడమే అందుకు కారణం. పాలకూరను ఎంత వేయించినా అంత తొందరగా రంగు మారదు. కాబట్టి గోంగూర ఎంత తొందరగా ఖాకీకి తిరిగితే అంత పులుపు ఉన్నట్టు లెక్క. ఆ రంగు చూసి ఎన్ని మిరపకాయలు వేయాలో తేల్చుకుంటాను. గోంగూరలో చింతపండు వేసేవాళ్ళను చూస్తే మాత్రం నాకు పట్టరాని కోపం వస్తుంది. పులుపు చాలని గోంగూర కొన్నామని ఒప్పుకోవాలి తప్ప, దానికి అరువు పులుపు తగిలించడం ఏమి మర్యాద? అన్నట్టు, గోంగూర మనకొక్కరికే సొంతం అనుకునేవారికి ఒక సమాచారం: బర్మావాళ్ళు ఈ ఆకును మనకంటే ఇష్టంగా తింటారు. రంగూను వెళ్ళి బతికిన మన శ్రీకాకుళం, విశాఖ కూలీలకు అక్కడ తిండి విషయంలో కొంతైనా ఊరట దొరికి ఉంటుంది.

ఇంట్లో నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. పూటకు ఒక పులుపే ఉండాలి. మామిడికాయ పప్పు చేసిన రోజు చారు కాచను. దొండకాయ వేపుడు, నాలుగు వడియాలు, చివర పెరుగు, అంతే. ముక్కల పులుసు చేసిన రోజు పప్పు ముద్దపప్పే, పచ్చడి జాడీ మూత తీయడం లేదు. గోంగూర పచ్చడి విస్తట్లోకి వస్తే దాని పక్కన పచ్చి ఉల్లిపాయ, ముద్దపప్పు, నెయ్యి తప్ప మరొకటి నోరు మెదపకూడదు. పెరుగుకు ఈ చట్టం వర్తించదు, అది అందరి తరువాత వచ్చి అందరినీ సర్దిచెప్పే పెద్దమనిషి. నియమం ఎందుకంటే, రెండు పులుపులు ఒక విస్తట్లో కలిస్తే రెండోది నాలుకకు తెలియదు. మొదటిది నాలుకను ఆక్రమించుకుని ఉంటుంది కాబట్టి రెండోదానికి ఇంకా ఎక్కువ ఉప్పూ కారం వేయవలసి వస్తుంది. ఈనాటి పెళ్ళిభోజనాల్లో నాకు ఉన్న అసంతృప్తి అంతా ఇదే. పులిహోర, మామిడికాయ పప్పు, టమాటా పచ్చడి, గోంగూర, సాంబారు, రసం, మజ్జిగపులుసు ఒకే అరిటాకులో పడతాయి. వడ్డించేవాళ్ళు పరుగెడుతుంటారు. తినేవాడికి చివరికి ఏ రుచీ గుర్తుండదు, దాహం ఒక్కటే గుర్తుంటుంది. మా చిన్నతనంలో పెళ్ళిలో దప్పళం ఉండేది. గుమ్మడి, ఆనప, ములక్కాడ, చిలగడదుంప పెద్దపెద్ద ముక్కలుగా వేసి బెల్లంతో కాచిన పులుసు అది. దాని స్థానంలోకి సాంబారు ఎప్పుడు వచ్చి కూర్చుందో గమనించలేదు కానీ, నాకు మాత్రం ఆ మార్పిడి నష్టంగానే కనిపిస్తుంది. సాంబారు మీద నాకు పగ ఏమీ లేదు, ఇడ్లీ పక్కన ఎంతైనా పోయించుకుంటాను.

పులుసు అనగానే మా ఇంట్లో రెండు రాష్ట్రాలు ఉన్నాయి. తెనాలి పులుసు పొయ్యి మీద బాగా మరగాలి. చింతపండు పచ్చివాసన పోయి, ముక్క ఉడికి, బెల్లం కరిగి, చివర్లో బియ్యప్పిండి జారుతో చిక్కబడి, మెంతులూ ఇంగువా వేసిన తాలింపు దాని మీద చుయ్ మనాలి. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారింట పచ్చిపులుసు పోసినప్పుడు, ఇది ఇంకా పొయ్యెక్కలేదేమిటని మనసులో అనుకున్నాను. అత్తమ్మ దాన్ని చేసే తీరు తరువాత దగ్గర కూర్చుని చూశాను. ఎండుమిరపకాయలను నిప్పుల మీద పెట్టి, నల్లమచ్చలు పడి ఘాటు లేచేదాకా కాల్చేది. ఒక సత్తుగిన్నెలో కల్లుప్పు వేసి, ఆ మిరపకాయలను, సన్నగా తరిగిన ఉల్లిగడ్డను ఉప్పుతోపాటు చేత్తో గట్టిగా పిసికేది. ఉల్లిగడ్డ రసం వదిలి మెత్తబడ్డాక పలుచటి చింతపండు రసం, జీలకర్ర, కొత్తిమీర, వేయించి దంచిన నువ్వుల పొడి పడేవి. అంతా అయ్యాక ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూసేది. గరిటెతో రుచి చూడటం నేను ఎన్నడూ చూడలేదు. కిచిడీ మీద ఆ పచ్చిపులుసు పోసుకుని తిన్నాక, మరిగించడం వల్ల పులుసుకు ఏమి వస్తుందో, ఏమి పోతుందో రెండూ నాకు అర్థమయ్యాయి. పచ్చిపులుసులో చింతపండు పండుగానే ఉంటుంది, దాని తాజాదనం నిలుస్తుంది. ఎండలు ముదిరాక మా ఇంట్లో మరిగే పులుసుకు సెలవు, పచ్చిపులుసుకు కొలువు. ఇద్దరం ఈ ఒప్పందానికి ఎప్పుడో వచ్చాం. ఆమె నా దప్పళంలో బెల్లం ఎక్కువైందంటుంది. ఆ వాదన మాత్రం ఇంకా తెగలేదు.

రాయలసీమ వెళితే పులుపు మరో వేషం కడుతుంది. చుక్కకూర, ఎర్రగడ్డ, పచ్చిమిరప కలిపి ఉడికించి పప్పుగుత్తితో ఎనిపిన పుల్లగూరను రాగిసంగటి ముద్దకు అద్దుకుని తింటుంటే, పప్పు లేని లోటు ఎవరికీ తట్టదు. ఉత్తరాంధ్రలో పులుపు వెంట బెల్లం నీడలా నడుస్తుంది, అక్కడి బెల్లం ఆవకాయ అందుకు సాక్ష్యం. అక్కడి భోజనం నేను తిన్నది తక్కువ కాబట్టి ఇంతకు మించి మాట్లాడను.

ఊరగాయల విషయంలో ఆవకాయను పొగిడే ఉపన్యాసాలు మీరు చాలా విని ఉంటారు. రోహిణీకార్తె, కత్తిపీట, జీడి తీసి బట్టతో తుడిచిన ముక్కలు, మూడోనాటి తిరగకలపడం, ఇవన్నీ మీకు తెలిసినవే. నా ఓటు మాత్రం మాగాయకు. తొక్క చెక్కి సన్నగా కోసిన మామిడిముక్కలను ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టి, మూడోరోజు పిండి ముక్కలను ఎండలో వేస్తారు. దిగిన ఊటను కూడా విడిగా ఎండకు పెడతారు. ఎండిన ముక్కలు మళ్ళీ ఆ ఊటనే తాగి, కారం, మెంతిపిండి, నూనె కలుపుకుని జాడీలోకి చేరతాయి. ఆవకాయలో ఆవ పెత్తనం చేస్తుంది, కొత్తలో ఎంత గొప్పగా ఉన్నా ఆరునెలలు దాటాక ముక్క మెత్తబడి ఆవఘాటు తగ్గుతుంది. మాగాయకు అలా కాదు, అప్పుడే దానికి పదును వస్తుంది. ఏడాది నాటి మాగాయ రెండు ముక్కలు చిలికిన పెరుగులో వేసి, ఎండుమిరప, ఇంగువ తాలింపు పెట్టి పెరుగుపచ్చడి చేసుకుంటే, ఆ పూట కూర లేదన్న విచారం ఉండదు.

మాంసాహారం దగ్గరికి వస్తే నా రుచి మారదు. చేపకు పులుపు అలంకారం కాదు, అవసరం. చేప నీచువాసనకు కారణమైన అమైన్లు క్షారాలు. ఆమ్లం తగిలితే అవి లవణాలుగా మారి గాలిలోకి లేవడం మానేస్తాయి. అందుకే తరిగిన ముక్కలను ఉప్పూ నిమ్మరసమో చింతపండో వేసి రుద్ది కడుగుతారు, అందుకే వండేది కూడా పులుసులోనే. నెల్లూరువాళ్ళు ఆ పులుసులో మామిడికాయ ముక్కలు కూడా వేస్తారు. గోదావరికి వరద నీరు వచ్చాక సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే పులసకు "పుస్తెలమ్మి అయినా" అన్న సామెత ఉంది కానీ, నా జీతానికి ఆ చేప ఎన్నడూ అందుబాటులో లేదు కాబట్టి తీర్పు చెప్పను. ఏ చేపైనా సరే, పొద్దున వండిన పులుసును రాత్రికి, రాత్రి వండినదాన్ని మర్నాటికి దాచుకోవాలని మాత్రం చెబుతాను. వేటమాంసంలో చింతచిగురు, ఎండురొయ్యల్లో చింతచిగురు, పుంటికూర మాంసం, ఇవి తెలంగాణ నాకు పెట్టిన భిక్ష. కొవ్వున్న మాంసానికి పులుపు తగిలితేనే రెండో ముద్ద తినాలనిపిస్తుంది. ఉత్త మసాలాతో చేసిన కూర మూడో ముద్దకే మొహం మొత్తుతుంది.

ఇంతసేపు పులుపును పొగిడాను కాబట్టి టమాటా మీద నా ఫిర్యాదు కూడా చెప్పాలి. టమాటాకు పులుపు ఉంది కానీ తనదంటూ గట్టి వ్యక్తిత్వం లేదు. అయినా వంకాయలో టమాటా, బెండకాయలో టమాటా, కోడికూరలో టమాటా, చివరికి చారులో కూడా టమాటా. చింతపండు నానబెట్టి పిసికి పిప్పి తీసే ఓపిక లేక ఆ కాయను నాలుగు ముక్కలు చేసి పడేస్తున్నాం. హోటలు కూరలన్నీ ఒకే రంగులో, ఒకే రుచిలో ఉండటానికి సగం కారణం అందరూ ఒకే గ్రేవీని పొద్దున్నే కాచిపెట్టుకోవడం, మిగతా సగం ఆ గ్రేవీలో ఉన్న టమాటా. పండిన నాటు టమాటాతో చేసిన రోటిపచ్చడిని నేను ఇష్టంగానే తింటాను. అక్కడ అది పెళ్ళికొడుకు, ఎవరి పెళ్ళికో వచ్చి పీట మీద కూర్చోలేదు.

పాత్రల విషయం కూడా పులుపే శాసించింది. ఇత్తడి గిన్నెలో పులుసు నిలవ ఉంటే చిలుము దిగుతుంది. ఇత్తడిని తోమడానికి మనం వాడేది చింతపండే కదా. అందుకే లోపల కళాయి పూయించేవారు, వీధిలోకి కళాయి పూసేవాడు వచ్చి కొలిమి పెట్టుకుని కూర్చునేవాడు. పులుసుకూ చారుకూ రాతితో మలిచిన రాచ్చిప్ప ఉండేది. నా దగ్గర ఇప్పటికీ ఒకటి ఉంది. వేడెక్కడానికి ఆలస్యం చేస్తుంది, పొయ్యి ఆర్పాక కూడా చాలాసేపు కుతకుతలాడుతుంది. చారుకు దాని కంటే మంచి పాత్ర నేను చూడలేదు.

తినడంలో నా పద్ధతి పాతదే. పచ్చడో పొడో నెయ్యితో మొదలుపెట్టి, పప్పు, కూర, పులుసో చారో, చివర పెరుగు. ఈ వరుసలో అన్నం నెమ్మదిగా పలుచబడుతూ పోతుంది, ముద్ద గట్టితనం తగ్గి చివరికి జుర్రుకోవడంలోకి దిగుతుంది, కడుపు కూడా ఆ వేగానికి సర్దుకుంటుంది. బఫేలో నిలబడి అన్నీ ఒక పళ్ళెంలో పోసుకుని తినేవారికి ఈ ప్రయాణం ఉండదు. అన్నం మాత్రం పొగలు కక్కుతూ ఉండాలి, కూర చల్లబడినా క్షమిస్తాను. రెండుసార్లు అన్నం వేసుకోను. చారన్నం మిగలకుండా తిన్నాక కూడా చారు ఒక గ్లాసు ఉత్తిగా తాగుతాను. మా నాయనమ్మ కాలంలో పొద్దున్నే తరవాణి ఉండేది. గంజి పోసి పులియబెట్టిన కుండలో నానిన అన్నం, ఉల్లిపాయ, ఆవకాయ ఊట, పొలానికి వెళ్ళేవారికి అదే ఫలహారం. చింతపండు కొనలేని ఇంట్లో కూడా పులుపు ఉండేది, కుండే దాన్ని తయారుచేసి ఇచ్చేది. పులుపు నిలవ కూడా ఉంచుతుంది. అందుకే రైలు ప్రయాణానికి పులిహోర కట్టుకుంటాం, సద్దుల బతుకమ్మ నాడు చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం చెరువుగట్టుకు తీసుకెళతాం.

ఈ వయసులో ఇంత పులుపా అని అడిగే స్నేహితులు ఉన్నారు. రక్తపోటు వచ్చాక వైద్యులు నాకు ఉప్పు తగ్గించమన్నారు, పులుపు కాదు. పులుపు సరిగ్గా ఉన్న వంటకానికి ఉప్పు తక్కువైనా నాలుక ఒప్పుకుంటుందని అప్పుడే బాగా తెలిసింది. ఊరగాయను మాత్రం ముక్క కాక ఊటతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు గోంగూర, చుక్కకూర తగ్గించాలని వైద్యులు చెబుతారు, అందులో ఉన్న ఆక్సాలిక్ ఆమ్లం దృష్ట్యా అది సరైన సలహాయే. అలాంటివారు నా ఉపన్యాసం విని రెచ్చిపోవద్దు.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. అక్కడ మనవాళ్ళకు పచ్చిమామిడి అన్నివేళలా దొరకదు కాబట్టి, పుల్లటి పచ్చ ఆపిల్‌తో పప్పు, క్రాన్‌బెర్రీతో పప్పూ పచ్చడీ పులిహోరా చేసుకుంటారు. మొదట విన్నప్పుడు నవ్వాను కానీ, నవంబరులో వెళ్ళినప్పుడు అమ్మాయి క్రాన్‌బెర్రీ పప్పు పెట్టింది. ఆ కాయ పులుపులో కొంచెం వగరు, కొంచెం చేదు ఉన్నాయి, మన వాక్కాయకు దూరపు చుట్టం అనిపించింది. ఆమె పచ్చిమిరపకాయలు నాలుగు ఎక్కువ చీల్చి వేసి, తాలింపులో వెల్లుల్లి దట్టించి ఆ వగరును అణచింది. కాయలు పప్పు ఉడికాకే వేసింది, అవి టప్‌మని పగిలిన రెండు నిమిషాలకే పొయ్యి ఆర్పింది. కాయ ఎక్కడిదైతేనేం, ఆ దేశంలో ఆ నెలలో చెట్టు మీదో తుప్ప మీదో ఉన్న పులుపు అదే కాబట్టి నాకు అభ్యంతరం లేకపోయింది. మళ్ళీ వడ్డించమన్నాను. ఫ్రీజరులో నిలవ ఉంచిన గోంగూర పొట్లం కూడా చూపించింది కానీ, దాన్ని అక్కడే ఉంచమన్నాను. గోంగూర తినడానికి వరంగల్లు వస్తే సరిపోతుంది.

నమస్కారం.